బుధవారం బండి

ఆల్‌స్టన్ దాటాక రోడ్డు మబ్బులోకి ఎక్కుతుంది.
రెండో గేరులో మూలుగుతూ మా పుస్తకాల వ్యాను.
వెనక అరల్లో రెండువేల మంది
మలుపు మలుపుకీ ఒకరి మీద ఒకరు ఒరుగుతూ.
నెంథెడ్‌లో ఇరవై నిమిషాలు,
గారిగిల్ చర్చి గోడ పక్కన అరగంట.

ఇక్కడ పేరు చెప్పి పుస్తకం అడిగేవాళ్ళు తక్కువ.

మిసెస్ టాలెంటైర్ తడి గొడుగు మెట్టు మీద పెట్టి
“అదే అమ్మాయ్, పచ్చట్టది” అంటుంది.
“పొయ్యి మీద కెటిల్ పెట్టి
అతను యుద్ధానికి వెళ్ళిపోతాడు చూడు.
మూడొందల పేజీలూ నాకదే బెంగ,
ఆ కెటిల్ ఎవరైనా దించారా లేదా అని.”
యుద్ధం ఎవరు గెలిచారండీ?
గుర్తులేదంటుంది.

తొమ్మిదేళ్ళ ఫ్లోరీకి దయ్యం గుర్తులేదు.
దయ్యం రాబోయే ముందు
కుక్క తోకాడించడం ఆపేసిన వాక్యం గుర్తు.
అక్కడ పుస్తకం మూసి
అమ్మ దుప్పట్లో దూరిందట.
మళ్ళీ అదే కావాలి. అదే కుక్క.

మిస్టర్ నాట్రస్ ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినాయన.
చదివిన ప్రతి పుస్తకానికీ నోటుబుక్కులో ఒక వరుస,
‘ఇతివృత్తం: క్షమ’ అని చక్కటి దస్తూరీలో.
నవంబరులో రాసుకున్నాడు,
మార్చిలో అదే పుస్తకం కొత్తదనుకుని పట్టుకెళ్ళాడు.
తమ్ముడి బూట్ల బురద
అన్న వెన్న కత్తితో గీకే పేజీకి వచ్చాక
“ఓరి, ఇది చదివిందే కదా!” అన్నాడట వంటింట్లో,
ఒక్కడే, పైకి.

నవ్వాను గానీ నాదీ అదే రకం.
కాకినాడలో, అద్దె పుస్తకాల బడ్డీ దగ్గర
నిలబడే చదివేసిన ఒక సీరియల్లో
రచయిత ఒకావిడకి పేరు పెట్టలేదు.
పంపు కాడావిడ. అంతే, చివరిదాకా.
కథానాయిక పేరు ఏనాడో జారిపోయింది.
పేరు లేని ఆవిడ మాత్రం
మా వీధి పంపు దగ్గరే బిందె పెట్టుకుని
ఇప్పటికీ వంతు కోసం నిలబడి ఉంటుంది.

ఏప్రిల్లో జాస్ పీర్ట్ ఒక నవల తిరిగిచ్చాడు.
ఆరు వారాలు ఆలస్యం, అట్ట మీద ఉన్ని జిడ్డు.
“నాకు చదివే అలవాటు లేదు.
ఇందులో ఒక పిల్లాడు పోతాడు.
నాకు పిల్లలే లేరు. మరి నేనెందుకు ఏడ్చాను?”
జరిమానా కడుతూ అడిగాడు, చిల్లర లెక్కపెడుతూ.
నా దగ్గర జవాబు లేదు. స్టాంపు వేశాను.

ఆ మధ్యాహ్నం అతని కొట్టం దగ్గర టైరు పంచరైంది.
లోపల చూశాను:
ఒక గొర్రెకి పిల్ల చచ్చిపుట్టింది,
ఇంకో పిల్లకి తల్లి పోయింది.
చచ్చినదాని తోలు వొలిచి
బతికినదానికి చొక్కాలా తొడుగుతున్నాడు.
వెనక కాళ్ళ దగ్గర కాస్త ఓపిక కావాలన్నాడు.
తల్లి మూచూసింది. తన్నింది. మళ్ళీ మూచూసింది.
తర్వాత కదలకుండా నిలబడింది.
పిల్ల తోక గిరగిరా తిరిగింది.

“రెండ్రోజులాగి తోలు తీసేస్తా.
అప్పటికి దానితో పనుండదు.”

జాక్ తిప్పుతూ అనుకున్నాను,
జాస్, నీ ప్రశ్నకి నువ్వే జవాబు తొడిగావని.
సగం దారిలోనే సందేహం.
ఇంతకీ కెటిల్ తోలా, పిల్లా?
బురద బూట్లు ఏవి? పంపు కాడావిడ?
రాసినవాళ్ళకైనా తెలుసో లేదో.
గుడ్డలు కుట్టేవాళ్ళకి తెలిసినట్టు
చేతులకి తెలిసి ఉంటుంది, నోటికి కాదు.

పై బుధవారం మిసెస్ టాలెంటైర్ గుమ్మం ముందు ఆపాను.
పచ్చట్టది దొరికింది, పెన్రిత్ గోడౌన్‌లో.
లోపల పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది.
గాజు అద్దం వెనక ఆవిడ కనిపిస్తూనే ఉంది,
చేయి చాపితే అందేంత దూరంలో.
దించడం లేదు.

హారన్ మీది చేయి తీసేసి
నేనూ వింటూ కూర్చున్నాను.